సగం వచ్చిన కబురు

హైమవతి బొటనవేలు ఆల్ట్ కీ మీద పడలేదు. జరిగిందల్లా అంతే. తొమ్మిది రోజులుగా కంటినిండా నిద్రలేని మనిషి, ఉదయం పది గంటల యాభై రెండు నిమిషాలకి, రోజూ చేసే పనే చేస్తూ ఒక వేలు అరంగుళం పక్కకి వేసింది.

ఆల్ట్ నొక్కిపట్టి ప్రింట్ స్క్రీన్ నొక్కితే ఎదురుగా తెరిచి ఉన్న విండో ఒక్కటే బొమ్మగా వస్తుంది. ఆమె పనిచేసే ల్యాబ్‌లో దాన్ని 'కిటికీ' అనేవారు. ఆల్ట్ లేకుండా నొక్కితే తెర మొత్తం వచ్చేస్తుంది, అడుగున ఉన్న గడియారమూ, మూలన పుట్టుకొచ్చే మెసేజీలూ అన్నీ కలిపి. దాన్ని 'గోడ' అనేవారు. గోడ తీయకూడదు. తలుపు వెనక ల్యాబ్ పెద్ద ఆచారిగారు స్కెచ్ పెన్నుతో రాసి అంటించిన నియమం అదొక్కటే: కిటికీ తియ్యండి, గోడ తియ్యకండి.

మామూలు ల్యాప్‌టాప్‌లో అయితే ఇదేమంత కొంపలు మునిగే పొరపాటు కాదు. బ్యాంకులో కూర్చున్న గుమస్తా నుంచి బడిపిల్ల దాకా రోజుకి పది గోడలు తీసి పడేస్తుంటారు. కానీ కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్ళే రోడ్డు మీద, మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ షెడ్డులో ఉన్న ఈ ల్యాప్‌టాప్‌కి ఒక నల్లతీగ తగిలించి ఉంది. ఆ తీగ రెండో కొసన, పొగలు కక్కే చల్లటి ద్రవంలో మునిగి, అరచేతి వెడల్పు స్ఫటికపు రేకు ఉంది. దాన్ని 'పలక' అనేవారు. తెర మీద కనపడే ప్రతి బొమ్మా ముందు పలకలో పడి, తర్వాత తెరకెక్కేలా కట్టుకున్నారు. కట్టిన రెండో నెలలో తేలిందేమిటంటే, పలకలో బొమ్మ ఆరు గంటలు ముందే పడుతోంది. ఈ ల్యాప్‌టాప్‌లో స్క్రీన్‌షాట్ నొక్కితే ఇప్పటి తెర రాదు. ఆరు గంటల తర్వాతి తెర వస్తుంది.

ఇప్పుడు వచ్చిన బొమ్మలో గడియారం సాయంత్రం నాలుగూ యాభై రెండు చూపిస్తోంది. మధ్యలో ఎప్పటిలాగే ప్రయోగం తాలూకు అంకెల పట్టీ. కుడివైపు అడుగున, తెర అంచు నుంచి లోపలికి జారుతూ వస్తున్న ఒక మెసేజ్ చీటీ. అది పూర్తిగా లోపలికి రాకముందే షాట్ పడింది. ఎడమ సగమే కనిపిస్తోంది. పైన పంపినవాళ్ళ పేరు, బుజ్జి. దాని కింద రెండు మాటలు. రెండో మాట సగంలో తెర అంచుకి తెగిపోయింది.

'నాన్న లే'

బుజ్జి హైమవతి కూతురు, డిగ్రీ రెండో సంవత్సరం. ఈ క్షణాన పన్నెండు కిలోమీటర్ల అవతల, కాకినాడ ఆస్పత్రిలో, వాళ్ళ నాన్న మంచం పక్కన కూర్చుని ఉంది. పాలిటెక్నిక్‌లో వడ్రంగం నేర్పే త్రినాథ్ తొమ్మిది రోజుల క్రితం, పిల్లలకి రంపం పట్టుకోవడం చూపిస్తూ చూపిస్తూ కుప్పకూలిపోయాడు. మెదడులో నరం చిట్లింది. ఆపరేషన్ చేసి, మత్తులో ఉంచారు. ఈ రోజు ఉదయం ఎనిమిదింటికి ఆ మత్తుమందు ఆపేశారు.

"సాయంత్రం లోపల లేస్తే ఫరవాలేదమ్మా. లేవకపోతే మాత్రం మనం మాట్లాడుకోవాలి," అన్నాడు డాక్టరు.

పొద్దున్నించీ ఆస్పత్రిలో అందరి నోటా అదే మాట. లేచారా, లేస్తారా, లేస్తారులెండి. పలక మునిగి ఉన్న కుండలో ద్రవం తగ్గిపోతోందని ఆచారిగారు కబురు చేస్తే, అది నింపి ఒక్క కిటికీ తీసి గంటలో వచ్చేస్తానని చెప్పి హైమవతి ఆటో ఎక్కింది. ఇప్పుడు తెర మీద ఆ మాటే సగానికి తెగి కూర్చుంది. లే. తర్వాత ఏముందో? లేచాడా? లేడా?

"గోడ తీశావా అమ్మా?" అన్నారు వెనకనుంచి ఆచారిగారు. అరవై దాటిన మనిషి, ఈ షెడ్డునీ పలకనీ మొదలుపెట్టినవారు.

"తీశానండి. చూసుకోలేదు."

ఆయన కళ్ళజోడు సవరించుకుని ఆ మూలకేసి చూశారు. గోడ ఎందుకు తీయకూడదో ఆ ఇద్దరికీ తెలిసినట్టు లోకంలో ఇంకెవరికీ తెలియదు.

కిందటి ఏడాది శ్రావణంలో ఇలాగే ఒక బొమ్మలో అంకెల పట్టీ మూడో వరసలో ఏడు పడింది. ఆరు గంటల తర్వాత ఆ ఏడు రాకుండా చేయాలని ఆచారిగారికి పట్టుదల పుట్టింది. ముందు ప్రోగ్రామ్ మార్చారు, అది పాడై పాతదే మళ్ళీ తెరుచుకుంది. కరెంటు తీసేశారు, బ్యాటరీ మీద నడిచింది. గడువు దగ్గర పడేసరికి ఆయనకి తిక్కరేగి, వట్టిచేత్తో తీగ పట్టుకుని లాగారు. నిప్పురవ్వలు లేచాయి. కుడి అరచెయ్యి కమిలి, బాధతో ఆయన మెలికలు తిరుగుతుంటే మోచెయ్యి కీబోర్డుకి తగిలింది. మూడో వరసలో ఏడు పడింది. బొమ్మలోకి ఎక్కినది తప్పదు. తప్పించబోతే ఎవరో ఒకరికి దెబ్బ తగులుతుంది. ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు.

ఇంకొక సంగతి కూడా అప్పుడే తేలింది. బొమ్మలో ఏదైనా అడ్డం వచ్చి కనపడకుండా పోయిన అంకెలుంటే, వాటిని మాత్రం మార్చగలిగేవారు. ఏ అడ్డూ తగిలేది కాదు. కనపడింది కట్టుబడిపోయింది. కనపడనిది ఇంకా మనుషుల చేతిలోనే ఉంది.

హైమవతి కళ్ళు ఆ 'లే' దగ్గరే ఆగిపోయాయి. అంతవరకూ కట్టుబడిపోయింది. ఆ తర్వాతి అక్షరం ఇంకా ఎవరి చేతిలోనో ఉంది. అది తన చేతిలోనే ఎందుకు ఉండకూడదు?

"ఇంకొకటి తీసి చూద్దామా? సాయంత్రానికి మెసేజ్ తెరిచి ఉంచుకుందువుగాని, ఇప్పుడు తీస్తే మొత్తం పడుతుంది," అన్నారు ఆచారిగారు మెల్లగా.

"వద్దండి. చెడ్డదే పడితే ఇంక అదే ఖాయం." ఆమె ఒక్క ఉదుటున లేచి, ప్రింట్ స్క్రీన్ కీ మీద అంటుటేపు ముక్క అతికించింది. ఒకటి చాలదనిపించి, దాని మీద మరొకటి.

"సరే, తియ్యొద్దు. నువ్వు ఆస్పత్రికి వెళ్ళు. అక్కడ జరిగేది అక్కడ జరుగుతుంది, దానికీ ఈ తెరకీ ఏం సంబంధం లేదు. వెళ్ళి ఆయన పక్కన కూర్చో."

"నేను పక్కనే ఉంటే బుజ్జి నాకు మెసేజ్ ఎందుకు పెడుతుందండీ?"

"పక్కన కూర్చుని పెట్టించుకో. ఇక్కడ తెర మీద వస్తుంది, నేను చూస్తుంటాను."

"మీరూ ఆ రోజు ఇలాగే ఉపాయం పన్నారు. మీ చెయ్యి ఒకసారి చూసుకోండి."

ఆచారిగారు చూసుకోలేదు. ఆ చెయ్యి జేబులో పెట్టుకున్నారు.

హైమవతి బుర్ర అప్పుడు ఎంత చురుగ్గా పనిచేసిందంటే, ఆ చురుకే ఆమె పాలిట శాపమైంది. ఆమె ఇలా లెక్క వేసుకుంది. నాలుగూ యాభై రెండుకి 'నాన్న లే' అన్న చీటీ వచ్చి తీరుతుంది. ఈలోగా త్రినాథ్ లేచాడనుకుందాం. బుజ్జి వెంటనే ఫోన్ చేసి చెప్పేస్తుంది. మంచి కబురు అలా ముందే వచ్చేస్తే, మళ్ళీ నాలుగూ యాభై రెండుకి ఆ చీటీలో రావడానికి మిగిలేది ఏమిటి? రెండోదే. కాబట్టి మంచి కబురు ముందే ఖర్చయిపోకూడదు. దాన్ని ఆ నిమిషం కోసం దాచి ఉంచాలి. తను మంచం పక్కన ఉండకూడదు, తనకి ఏమీ తెలియకూడదు, ఆ చీటీ రావడానికి ఏ అడ్డూ ఉండకూడదు.

ఫోన్ తీసింది.

"బుజ్జీ, నాన్న ఎలా ఉన్నారు?"

"అలాగే ఉన్నాడమ్మా. కదల్లేదు. బయల్దేరావా?"

"లేదు. నేను చెప్పేది విను, ఎందుకని మాత్రం అడక్కు. సరిగ్గా నాలుగూ యాభై రెండుకి నాకు మెసేజ్ పెట్టు. 'నాన్న లేచాడు' అని. తెలుగులోనే కొట్టు."

"లేవకపోతే?"

"లేవకపోయినా అదే పెట్టు."

"అబద్ధం పెట్టమంటావా?" అంది బుజ్జి.

"పెట్టు. అంతకుముందు మాత్రం ఒక్క ముక్క కూడా చెప్పకు. ఫోన్ చెయ్యకు, మెసేజ్ పెట్టకు. నాన్న లేచినా సరే, ఆ కబురు నాలుగూ యాభై రెండు దాకా నీ దగ్గరే ఉంచుకో."

"నాన్న లేస్తే నీకు చెప్పకుండా ఎలా ఉంటానమ్మా?"

"ఉండాలి. ముందే చెప్పావంటే నాన్న మనకి దక్కరు. నా మీద ఒట్టు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక హైమవతికే ఒళ్ళు ఝల్లుమంది. భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసిన మనిషి, జీవితంలో ఎవరి చేతా ఒట్టు వేయించుకోలేదు. బుజ్జి చిన్నప్పుడు చాక్లెట్ కోసం ఒట్టు పెడితే నవ్వి, ఒట్లకి ఏ బలమూ ఉండదని గంటసేపు పాఠం చెప్పింది కూడా. ఇప్పుడు ఆ బలం లేనిదాన్నే కూతురి మెడకి కట్టింది.

"నువ్వు రావచ్చుగా అమ్మా. నాకు ఒక్కదానికి భయంగా ఉంది."

"సాయంత్రం వచ్చేస్తాను," అని ఫోన్ పెట్టేసింది. తర్వాత దాన్ని పూర్తిగా ఆపేసి, సొరుగులో వేసి మూసింది. ఫోన్ ఆపినా మెసేజీలు తెర మీదకి వస్తాయి.

ఆచారిగారు అంతా విన్నారు. "ఒట్టు కూడా పెట్టావా. పలక గురించి మనకి తెలిసింది గోరంత హైమా. దాన్ని పట్టుకుని చిన్నపిల్లని కట్టిపడేశావు," అన్నారు. ఆమె మళ్ళీ తెరకేసి తిరిగి కూర్చునేసరికి బయట అరుగు మీదకి వెళ్ళి కూర్చున్నారు. సొంతానికి దెబ్బ తిన్న మనిషి కాబట్టి, గట్టిగా కాదనడానికి ఆయనకీ ధైర్యం చాలలేదు.

మధ్యాహ్నం అయింది. ఉప్పాడ వైపు నుంచి ఎండుచేపల వాసన మోసుకుంటూ గాలి షెడ్డులోకి కొడుతోంది. హైమవతి తెర ముందు నుంచి లేవలేదు. పలక కుండకి చుట్టూ ఉన్న టేకు పెట్టె కేసి చూస్తే త్రినాథ్ గుర్తొస్తున్నాడు. ఆ పెట్టె అతను చేసిందే. ఆదివారం పూట పెరట్లో కూర్చుని చిత్రిక పడుతూ, "ఇంత చేసి పెడుతున్నాను కదా, రోజూ పొద్దున్నే ఒక కిటికీ తీసి సాయంత్రం ఇంట్లో కూరేమిటో చెప్పవోయ్. సొరకాయైతే లేటుగా వస్తాను," అనేవాడు. అతనికి సొరకాయంటే పడదు. ఆ మాట కోసమే ఆమె వారానికి రెండుసార్లు సొరకాయ వండేది.

ఆ మనిషి ఇప్పుడు ఒంటినిండా గొట్టాలతో పడి ఉంటే తను ఇక్కడ ఒక బొమ్మకి కాపలా కాస్తోంది. ఇది తెలివైన పనో పిచ్చిపనో ఆమెకి తెలియలేదు. ఒక్కో నిమిషం ఒక్కోలా అనిపించింది. ప్రాణం ఆస్పత్రి వైపు లాగుతుంది. మరుక్షణం ఆచారిగారి కమిలిన చెయ్యి కళ్ళముందు ఆడుతుంది. ఆ దెబ్బ ఈసారి చేతికి తగలదు, త్రినాథ్‌కి తగులుతుంది.

మూడింటికి ఇంక ఉండబట్టలేకపోయింది. సంచీ భుజాన వేసుకుని అరుగు మీదకి వచ్చింది. రోడ్డు మీద కాకినాడ వెళ్ళే ఆటో ఒకటి నెమ్మదించి, ఎక్కుతారా అన్నట్టు ఆగింది.

"వెళ్ళమ్మా, పుణ్యం ఉంటుంది," అన్నారు ఆచారిగారు.

ఆమె రెండు మెట్లు దిగింది. మూడో మెట్టు మీద ఆగిపోయింది. దారిలో ఏ లారీయో గుద్దితే? తను ఆస్పత్రి చేరితే ఆ చీటీకి పని లేకుండా పోతుంది, పని కల్పించడానికి ఇంకేదో జరుగుతుంది. ఇంకో రెండు గంటలు. రెండు గంటలు ఓర్చుకోలేదా? ఆటోవాడు చూసి చూసి వెళ్ళిపోయాడు. హైమవతి మళ్ళీ లోపలికి వచ్చి కూర్చుంది.

నాలుగున్నర. నాలుగూ నలభై. నాలుగూ నలభై తొమ్మిది. ఆచారిగారు కూడా వచ్చి కుర్చీ వెనక నిలబడ్డారు. తెర మధ్యలో అంకెలు ఉదయం బొమ్మలో ఉన్నట్టే ఒక్కొక్కటీ పేరుకుంటూ వచ్చాయి. ఒక్కటి కూడా తప్పలేదు. హైమవతి చేతులు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు తెల్లబడేలా బిగించి పట్టుకుంది.

నాలుగూ యాభై రెండు పడింది. కుడి అంచు నుంచి చీటీ కదిలింది. బుజ్జి. నాన్న లే. చీటీ మిగతా సగం లోపలికి జారింది.

'నాన్న లేచాడు.'

హైమవతి బల్ల మీద తల వాల్చి ఏడ్చేసింది. తను పెట్టమన్న మాటలే అవి. తన కోసం తనే రాయించుకున్న కబురు. ఆ సంగతి తెలిసీ ఆగలేకపోయింది. బొమ్మలో పడింది జరిగిపోయింది, ఎవరికీ ఏ దెబ్బా తగల్లేదు. ఆ 'లే' పక్కన 'డు' ఇంక ఎప్పటికీ పడదు.

"ఇది నువ్వు చెప్పి పెట్టించిందే కదమ్మా," అన్నారు ఆచారిగారు జాగ్రత్తగా.

"అవునండి. అయినా గండం గడిచింది. ఇంక ఆయన్ని పట్టి ఉంచేది ఏదీ లేదు. లేస్తారు. ఇవాళ కాకపోతే రేపు లేస్తారు."

సొరుగులోంచి ఫోన్ తీసి వెలిగించింది. బుజ్జికి చేస్తే ఎత్తలేదు. ఐసీయూలో ఫోన్ ఎత్తనివ్వరులే అనుకుంది. ఆచారిగారు ఆ పాడైన చేత్తోనే స్కూటర్ తీశారు. సముద్రం పక్కనుంచి వెళ్తున్నంతసేపూ ఆమె ఆయన చెవి దగ్గర ఏదేదో మాట్లాడుతూనే ఉంది. రేపు ఎలాగైనా సెలవు పెట్టేస్తుందట, త్రినాథ్ లేచేదాకా ఆ మంచం దగ్గర నుంచి కదలదట. ఆచారిగారు ఊఁ కొడుతూ నడిపారు.

ఆస్పత్రి మూడో అంతస్తులో, ఐసీయూ బయట, బుజ్జి బెంచీ మీద కాకుండా నేల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఫోన్ రెండు చేతులతో పట్టుకుని దాంట్లోకే చూస్తోంది. వాళ్ళమ్మ వచ్చి ఎదురుగా కూలబడితే తల ఎత్తింది.

"లేచాడమ్మా," అంది.

హైమవతి ఒక్క క్షణం నిజంగానే సంతోషపడింది. ఆ క్షణాన్ని తర్వాత ఎన్నేళ్ళయినా తనకి తాను క్షమించుకోలేకపోయింది.

"ఎప్పుడు?"

"మూడుంబావుకి. కళ్ళు తెరిచి నన్ను చూశాడు, గుర్తుపట్టాడు. నోట్లో గొట్టం ఉంది కదా, మాట రాలేదు. నా చెయ్యి తీసుకుని వేలితో 'అమ్మ' అని రాశాడు. వస్తోంది నాన్నా అన్నాను. కాసేపాగి మళ్ళీ రాశాడు. మళ్ళీ అదే చెప్పాను. గంటసేపు తలుపుకేసే చూశాడు."

"ఇప్పుడు? ఇప్పుడు నిద్రపోతున్నారా?"

బుజ్జి తల అడ్డంగా తిప్పింది. "నాలుగున్నరకి మళ్ళీ ఏదో అయింది. నన్ను బయటికి పంపేశారు. నాలుగూ నలభైకి డాక్టరుగారు వచ్చి చెప్పారు."

వెనక ఎక్కడో ఆచారిగారు గోడకి ఆనుకున్న చప్పుడైంది. హైమవతి నోట వచ్చిన మాట, ఏ తల్లీ అనకూడని మాట.

"ఒక్క ఫోన్ చెయ్యకపోయావా బుజ్జీ. మూడుంబావుకి ఒక్క ఫోన్."

"నువ్వు ఒట్టు పెట్టావు కదమ్మా," అంది బుజ్జి. గొంతులో కోపం లేదు, విడమరిచి చెబుతున్నట్టుగానే ఉంది. "ముందే చెబితే నాన్న దక్కడన్నావు. ఒట్టు తప్పితే నువ్వు కూడా పోతావేమోనని భయమేసింది. రెండుసార్లు నీ నంబరు తీసి మళ్ళీ మూసేశాను. నాన్న చూస్తూనే ఉన్నాడు."

హైమవతి కూతురి చెయ్యి పట్టుకుంది. త్రినాథ్ వేలు రాసిన అరచెయ్యి అదే. అందులో ఏమీ కనపడలేదు.

"మెసేజ్ కూడా టైముకి పెట్టాను. ముందు 'నాన్న లేడు' అనే కొట్టాను. పంపబోతుంటే నువ్వు చెప్పింది గుర్తొచ్చింది. ఆ 'డు' చెరిపేసి 'చాడు' అని కొట్టాను," అంది బుజ్జి. "లేచాడు కదమ్మా. అబద్ధం కాదు కదా?"

కాదని హైమవతి తల ఊపింది. ఆ పిల్లకి ఇవ్వడానికి ఆమె దగ్గర అంతకంటే ఏమీ మిగల్లేదు.